నుదుటి మీద చెవి

మా ముత్తాత రాజా జగన్నాథరాజుగారు కోనవరం ముఠాకు, అంటే చిన్న జమీందారీకి, ప్రభువు. పదిహేడు గ్రామాలు, ఒక రేవు, ఒక ఏనుగు. మా తాత పద్మనాభరాజుగారు ఏనుగును దేవస్థానానికి ఇచ్చేసి, ఆ మేత ఖర్చుతో లండన్ నుంచి పియానో తెప్పించారు. అది ఓడలో కాకినాడ చేరి, అక్కడి నుంచి రెండు పడవలు కలిపి కట్టిన బల్లకట్టు మీద కాలువలో వచ్చింది. దానికి శృతి చేయడానికి ఏటా మద్రాసు నుంచి ఒక మనిషి వచ్చేవాడు. అతనికి వెనక వసారాలో వేరే ఆకు వేసి భోజనం పెట్టేవారు. మా వంశంలో ఎవరూ అతని పేరు గుర్తు పెట్టుకోలేదు, నేను తప్ప. నేను అతని దగ్గరే ఆ పని నేర్చుకున్నాను. ముఠా పోయి, కోట పోయి, నలభై ఏళ్లుగా ఆ పనితోనే బతుకుతున్నాను.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా వంశానికి చెవి గొప్పది. ముత్తాతగారు మేడ మీద కూర్చుని ఏ బండి ఇరుసుకు కందెన లేదో చెప్పేవారట. నాకు మాత్రం నాలుగేళ్లుగా పియానోలో కుడి చివరి పదిహేను మెట్లు వినపడవు. నొక్కితే చెక్క టక్కుమనడం తెలుస్తుంది, అంతే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను పిలిచేవాళ్లు ఉండరు. అందుకే లాప్‌టాప్ కొన్నాను. తీగ మోగిస్తే దాని తెర మీద ఒక ముల్లు ఎడమకో కుడికో వాలుతుంది. నిటారుగా నిలబడితే శృతి కుదిరినట్టు. "కాలంతో పాటు మారాలి కదా" అని అందరితో అనేవాణ్ణి.

మస్కట్‌లో పియానో నేర్పే శారదగారు ఫోన్ చేసి, తమ పియానోకూ, అల్ సువైక్‌లో ఒక ఒమానీ పెద్దమనిషి ఇంట్లో పియానోకూ శృతి చేయాలన్నారు. ఒప్పుకున్నాను. ఈ రాసేదంతా ఆ మూడు రోజుల గురించి.

రువి

విమానాశ్రయంలో ఇనుప పనిముట్లు చేతి సంచిలో పట్టుకెళ్లనివ్వరు. అందుకని పనిముట్లను పెట్టెలో పెట్టాను. చెయ్యి ఖాళీగా ఉంటే హుందాగా ఉంటుందని లాప్‌టాప్‌ను కూడా అదే పెట్టెలో పెట్టాను. మస్కట్‌లో పెట్టె తెరిస్తే, తీగలు బిగించే ఇనుప తాళం లాప్‌టాప్ మూత మధ్యలో పడుకుని ఉంది. లోపల తెర సాలెగూడులా పగిలింది. ఎవరినీ తిట్టడానికి లేదు. అదే ఎక్కువ చిరాకు.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చినవాడు మల్లేశం. శారదగారి భర్త పనిచేసే కంపెనీలో పికప్ డ్రైవరు. ఊరు జగిత్యాల దగ్గర. పద్దెనిమిదేళ్లు ఇక్కడే, చాలాకాలం రైసూత్ అనే ఊళ్లో టైల్స్ వేశాడట. మోకాళ్లు అరిగాక కంపెనీ బండి ఇచ్చింది.

"డ్యూటీ మారింది గని జీతం మారలే సార్," అన్నాడు. "పగిలిందానికి ఏం జేస్తం? రువికి పోదాం, కొత్తది తీస్కుందాం."

రువిలోని దుకాణంలో కేరళ కుర్రాడు ఒకడు, "అంకుల్, గేమింగ్ కే లియే?" అన్నాడు. నన్ను అంకుల్ అని పిలిచినవాడు మా తాతగారి హయాంలో పుట్టి ఉండాల్సింది. నాకు కావలసినవి మూడే అని చెప్పాను. లోపల ఫ్యాన్ ఉండకూడదు, ఆ చప్పుడు తీగ చప్పుడులో కలుస్తుంది. మైకు కీబోర్డు పక్కన కాక తెర పైఅంచున ఉండాలి, పియానో వైపు చూస్తూ. తెర అద్దంలా మెరవకూడదు, నేను రెండు బారల దూరం నుంచి ముల్లు చూడాలి. అతను అన్నీ విని, ఎర్రగా, నీలంగా దీపాలు వెలిగే ఒకటి తెచ్చి పెట్టాడు.

"ఇది పెళ్లి పందిరా?" అన్నాను తెలుగులో.

మల్లేశం నవ్వి హిందీలో ఏదో చెప్పాడు. ఇంకొకటి వచ్చింది. నూట తొంభై రియాళ్లు. ఫ్యాన్ లేదని కుర్రాడు ఒట్టు వేశాడు. చెవి ఆనించి విన్నాను. నిశ్శబ్దం. బాగుందని తల ఊపాను. మల్లేశం కూడా వంగి చెవి పెట్టాడు.

"కూస్తుంది సార్. సన్నగ, దోమ లెక్క."

తిప్పి చూస్తే అడుగున జల్లెడలాంటి రంధ్రాలు. ఫ్యాన్ ఉంది.

"నేనూ అదే అనుకుంటున్నాను," అన్నాను.

మల్లేశం నా మొహం కేసి ఒక్క క్షణం ఎక్కువ చూశాడు.

చివరికి నిజంగా ఫ్యాన్ లేనిది దొరికింది. నూట అరవై రియాళ్లు, మన డబ్బులో ముప్ఫై అయిదు వేల చిల్లర. "బచ్చోం కా మోడల్ హై, అంకుల్" అన్నాడు కుర్రాడు. బడి పిల్లల కోసం చేసిందట. శృతి చూపే ముల్లు ప్రోగ్రాం, కొత్తరకంది, అతనే దానిలో ఎక్కించాడు. తెర పైఅంచు మధ్యలో సూది మొనంత రెండు రంధ్రాలు. అవే దాని చెవులు. మన నుదుటి మీద బొట్టు పెట్టుకునే చోట.

వాడి కబీర్

శారదగారిది అమలాపురం వైపు. వాడి కబీర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. కింద వర్క్‌షాపులో రేకులు కొడుతుంటారు, రోడ్డు మీద స్కూలు బస్సులు హారన్లు కొడుతుంటాయి, ఈ మధ్యలో పియానో. ఉదయం ఆవిడ పెసరట్టు, ఉప్మా పెట్టారు. మా వైపు రుచే. ఆ అరగంట మాత్రం నాకు ఏ చిరాకూ లేదు.

తరవాత లాప్‌టాప్ ఎక్కడ పెట్టాలన్న సమస్య. పియానో పైన పెట్టాను. అక్కడ ఇత్తడి వినాయకుడు, నాలుగు ఫోటో ఫ్రేములు, ఒక ఒంటె బొమ్మ. తీగ మోగితే అవన్నీ గిలగిలలాడాయి. యంత్రం తీగను వదిలేసి ఒంటెను విన్నది. బొమ్మలు తీసేస్తే పియానో చెక్కే లాప్‌టాప్‌ను వణికించింది. కుర్చీ మీద పెట్టాను. ముల్లు చూడాలంటే ప్రతి తీగకూ నడుం వంచాలి. నడుం వంచడం మాకు వంశపారంపర్యంగా రాదు, ఇప్పుడు డాక్టరు కూడా వద్దన్నాడు. పియానో పక్కన నేల మీద పెట్టబోయాను.

"అయ్యబాబోయ్! రాజుగారండీ, కింద పెడతారేంటండీ!" శారదగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. "సరస్వతి కదండీ, కాలు తగుల్తాది!"

"ఇది యంత్రమండీ."

"మరి పియానో యంత్రం కాదాండీ?"

లాప్‌టాప్‌ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఏసీ చప్పుడు తీగల్లో కలుస్తోందని ఆపించాను. ఉక్కకు కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు. మూస్తే చెమట. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. తాతగారి కాలంలో మద్రాసు మనిషికి ఇద్దరు విసనకర్రలు విసిరేవారు.

ఆ సమయంలో ఆవిడ లోపలి నుంచి ఇస్త్రీ బల్ల తెచ్చారు. మడత కాళ్లది, ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పైన దళసరి గుడ్డ, వణుకు ఎక్కదు. పియానోకు మూరెడు దూరంలో, పక్కవాటుగా, నా కళ్ల ఎత్తున పెట్టి, తెరను కాస్త వెనక్కి వాల్చాను. ఎడమ చివరి మొదటి మెట్టు నుంచి కుడి చివరి మెట్టు దాకా ముల్లు చక్కగా కదిలింది. ఇంతకంటే మంచి చోటు నలభై ఏళ్లలో దొరకలేదు. పదిహేడు గ్రామాల వారసుడికి చివరికి ఇస్త్రీ బల్ల దిక్కయింది.

సాయంత్రానికి పని అయింది. పై తీగలు బాగా దిగిపోయి ఉన్నాయి. ముల్లును చూసి ఒక్కొక్కటీ లాగాను. శారదగారు వాయించి చూసుకుని కళ్లు తుడుచుకున్నారు.

"రేపు సువైక్ కూడా ఈ బల్ల పట్టుకెళ్లండి. శుక్రవారం ఇక్కడ సెలవు, మావారికి చొక్కాలు అక్కర్లేదు," అన్నారు.

బాతినా రోడ్డు

మర్నాడు ఉదయం చేతులు కడుక్కుని వచ్చేసరికి శారదగారు లాప్‌టాప్ తెరిచి, తెర పైఅంచు మధ్యలో గంధం రాసి కుంకుమ పెట్టి ఉన్నారు. కీబోర్డు మీద రెండు మల్లెపూలు.

"కొత్త వస్తువండీ, మొదటిసారి ఊరు దాటుతుంది," అన్నారు.

మా కోటలో ఆయుధపూజనాడు ఫిరంగికి కూడా బొట్టు పెట్టేవాళ్లం. నాకు తప్పు తోచలేదు. ఆవిడ వేలు సన్ననిదే, భక్తి మాత్రం దండిది. గంధం మందంగా ఉంది. మూసి సంచిలో పెట్టాను.

ఇస్త్రీ బల్లను పికప్ వెనక తాళ్లతో కట్టి బయలుదేరాం. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు, మధ్యలో ఖర్జూరపు తోటలు. దారిలో కారు దిగకుండానే కరక్ చాయ్ తెచ్చి ఇస్తారు. హారన్ కొడితే చాలు. వంద బైసాలు, అంటే మన ఇరవై రూపాయల పైన. టీ కోసం హారన్ కొట్టడం నాకు మర్యాదగా అనిపించలేదు. మల్లేశం రెండుసార్లు కొట్టాడు.

"సార్, మీరు రాజులంటగద. శారదమ్మ చెప్పింది."

"ముఠాదారులం."

"మా తాత గూడ దొర గడిల వెట్టి చేసిండు సార్. దొర పోయిండు, గడి కూలింది. గిప్పుడు నేనే ఓ దొరను పక్కన కూసవెట్టుకొని బండి నడుపుతున్న." అని స్టీరింగ్ మీద కొట్టి నవ్వాడు.

"మాది గడి కాదు, కోట," అన్నాను.

"కూలినంక రెండు ఒక్కటే గద సార్."

అల్ సువైక్ వచ్చేదాకా నేను కిటికీలోంచి చూశాను.

అల్ సువైక్

ఇంటి యజమాని అబూ సాలిం. అరవై దాటినవారు, ఖర్జూరం వ్యాపారం, కాళ్లదాకా దిష్‌దాషా అనే తెల్లని అంగీ, తల మీద ఎంబ్రాయిడరీ టోపీ. బొంబాయి వర్తకులతో పని పడి హిందీ బాగా వచ్చు. ఆయన తల్లి జాంజిబార్‌లో పెరిగారట. అక్కడి నుంచి కుటుంబమంతా ఒమాన్ తిరిగి వచ్చినప్పుడు సామాన్లలో సగం వదిలేసి పియానో తెచ్చుకున్నారు. ఆమెకు ఎనభై అయిదు. రెండేళ్ల కిందట ఎడమ చెయ్యి పడిపోయింది. కుడి చేత్తో ఒక్క పాట వాయించగలరు, చిన్నప్పటిది. ఆ పాట కోసమే నన్ను పిలిపించారు.

ముందు ఖర్జూరం, హల్వా, ఏలకుల కాఫీ. కాఫీ చిన్న కప్పులో పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. నాకు తెలియక ఆరు తాగాను.

ఇస్త్రీ బల్ల చూసి అబూ సాలిం కనుబొమలు ఎత్తారు. "పియానోకు ముడతలు పడ్డాయా?" అన్నారు. నేను నవ్వలేదు.

మల్లేశం బయట నీడలో నిద్రపోయాడు. నేను నిన్న పెట్టినట్టే, మూరెడు దూరంలో, పక్కవాటుగా బల్ల పెట్టి పని మొదలుపెట్టాను. కింది మెట్లకు ముల్లు కదిలింది. నడిమి మెట్లకు కదిలింది, కొంచెం బద్ధకంగా. చివరి పదిహేను మెట్లకు వచ్చేసరికి ఆశ్చర్యం. ఏ తీగ మోగించినా ముల్లు నిటారుగా నిలబడి ఉంది. రెండేసి సార్లు చూశాను. ఒక్క తీగా దిగలేదు. సముద్రపు ఉప్పుగాలిలో ఇన్నేళ్లు ఉండి ఇలా నిలబడిందంటే పాతకాలం పనితనం అదీ అనుకున్నాను. ఆ తీగలను ముట్టుకోకుండా వదిలేసి, పని పూర్తయిందని చెప్పాను.

మధ్యాహ్నం భోజనం నేల మీద. ఒకే పెద్ద పళ్లెం, అన్నం మీద మేకమాంసం. అబూ సాలిం వెళ్లి స్వయంగా మల్లేశాన్ని లేపుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టారు, అదే పళ్లెం దగ్గర. మద్రాసు మనిషి వెనక వసారా నాకు గుర్తొచ్చింది. ఇక్కడ పనివాడిని నేనే, అయినా పళ్లెం మధ్యలో గీత ఎక్కడ గీయాలా అని నా చెయ్యి చూస్తోంది. మల్లేశం మంచి ముక్క ఏరి నా వైపు తోశాడు.

"తినుర్రి సార్, చల్లారుతది."

మా తాతగారి పియానో సంగతి కాఫీ దగ్గర చెప్పి ఉన్నాను, అబూ సాలిం అడిగారు. "మీ ఇంటి పియానో ఇంకా ఉందా?"

"ఉంది," అన్నాను.

ఆమె చెయ్యి

భోజనం తరవాత తల్లిని చక్రాల కుర్చీలో తెచ్చారు. ఆవిడ నన్ను చూసి తల వంచారు. కుడి చెయ్యి మెట్ల మీద పెట్టారు. ఆ పాట పైనే మొదలవుతుంది, సరిగ్గా నాకు వినపడని చోట. నాకు వేళ్లు కదలడం, చెక్క టక్కుమనడం మాత్రమే తెలిసింది. తల ఊపుతూ నిలబడ్డాను.

మల్లేశం నా వెనక మెల్లగా అన్నాడు. "సార్, చివర్ల డొల్ల గొడుతుంది."

"నీకేం తెలుసు? ఊరుకో."

"టైల్స్ వేసినోణ్ణి సార్. రూపాయి బిళ్లతో గొట్టి ఏ టైల్ కింద డొల్లుందో చెప్పెటోణ్ణి. గిది డొల్లనే."

"యంత్రం సరిగ్గా చూపించింది."

ఆమె ఆగారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగారు. తన చేతిని ఎత్తి, వేళ్లు చాపి, వెలుగులో పెట్టి చూసుకున్నారు. కొడుకుతో వాళ్ల భాషలో ఏదో అన్నారు. అబూ సాలిం నా వైపు తిరిగి, మర్యాద కోసం నవ్వారు.

"అమ్మ అంటోంది, ఇప్పుడు ఈ చెయ్యి కూడా పోతోందట. పాట మర్చిపోయిందట."

ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు.

నేను చాలామంది ఇళ్లలో చాలా విషయాలు దాచాను. కానీ ఒక ముసలావిడ నా తప్పుకు తన చేతిని నిందించుకోవడం చూస్తూ నిలబడటం నాకు చేతకాలేదు. పరువు అనేది మాకు ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అది ఇలా నిలబడటానికి కాదు.

"మల్లేశం," అన్నాను, "చివరి పదిహేను మెట్లు నాకు వినపడవు."

"ఎర్కనే సార్. రువిల దుకాణంలనే ఎర్కయింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు జెప్పలే, నేనెందుకు జెప్త?"

అబూ సాలింతో నేనే చెప్పాను, నా ముతక హిందీలో. ఆమె చెయ్యి బాగానే ఉందని, తప్పు తీగలదని, ఆ తీగలు నాకు వినపడవని, నాలుగేళ్లుగా యంత్రాన్ని నమ్ముకుని పని చేస్తున్నానని. ఆయన తల్లికి చెప్పారు. ఆవిడ నన్ను చూసి ఒక్క మాట అన్నారు. దాని అర్థం నాకు ఎవరూ చెప్పలేదు.

మల్లేశం లాప్‌టాప్ దగ్గరికి వెళ్లాడు. "గిది ఎట్ల ఇంటది సార్? చెవి యాడుంది?"

"పైన, మధ్యలో."

"మధ్యల బొట్టుంది గద."

బొట్టు. బాతినా ఎండలో బండిలో ఎండి రాయయిన గంధం. సూది మొనంత రెండు చెవులూ దాని కిందే ఉన్నాయి. కింది తీగల బరువైన చప్పుడు ఆ పొరలోంచి ఎలాగో దూరింది, పై తీగల సన్నని చప్పుడు దూరలేదు. పైగా నా పాత యంత్రంలో చప్పుడు వినపడకపోతే ముల్లు మాయమయ్యేది. ఈ కొత్తదానిలో ఏమీ వినపడకపోతే ముల్లు నిటారుగా నిలబడుతుంది. అది శృతి కుదిరి నిలబడింది కాదు. చెవుడు వచ్చి నిలబడింది. నాలాగే.

మల్లేశం తోటలోంచి ఖర్జూరపు ముల్లు తెచ్చి గంధం గీకాడు. పైపొర ఊడింది, మిగతాది ఇంకా లోపలికి దిగిపోయింది. చప్పట్లు కొట్టినా తెర మీద ముల్లు కదల్లేదు.

"బొట్టు పెట్టి చెవులు మూసిర్రు," అన్నాడు మల్లేశం. "శారదమ్మకు చెప్పకుర్రి సార్, బాధపడ్తది."

వణుకు

లాప్‌టాప్ రాకముందు మేం చేసిన పద్ధతి ఒకటి ఉంది. పై మెట్టునూ, దాని కిందిస్థాయిలో శృతి కుదిరిన అదే స్వరపు మెట్టునూ కలిపి మోగిస్తే, తేడా ఉన్నంతసేపు శబ్దం అలల్లా ఊగుతుంది. తేడా పోతే ఊగడం ఆగుతుంది. అది వినడానికి సంగీతం రానక్కర్లేదు. చెవి ఉంటే చాలు.

మల్లేశాన్ని పియానో పక్కన నిలబెట్టాను. ఒక మెట్టుకు మూడు తీగలు. రెండింటి మధ్య ఉన్ని పట్టీ దూర్చి నొక్కి, మూడో తీగ బిరడాకు తాళం తగిలించాను.

"ఏం వినపడుతోంది?"

"వణుకుతుంది సార్. చలిజరం వచ్చినట్టు."

కొంచెం తిప్పాను.

"ఇంక ఎక్కువైంది. వెనుకకు రార్రి. ఆ... మెల్లగైతుంది... మెల్లగ... ఆగు సార్! ఆగింది."

అలా పదిహేను మెట్లు, నలభై అయిదు తీగలు. మూడు గంటలు. మధ్యలో రెండుసార్లు గొడవపడ్డాం. నేను చెయ్యి వేగంగా తిప్పుతున్నానని అతను, అతను ఆలస్యంగా చెబుతున్నాడని నేను. "చెయ్యి మీది, చెవి నాది. ఎవరి డ్యూటీ వాళ్లు చేద్దాం సార్" అన్నాడొకసారి. అతని మోకాళ్లు నొప్పెడుతున్నాయని ఇస్త్రీ బల్ల మీది లాప్‌టాప్ తీసేసి అతన్ని మోచేతులు ఆనించుకోమన్నాను. అబూ సాలిం ఏసీ ఆపి, ఫ్రిజ్ ఆపి, వాకిట్లో నీళ్ల మోటారు కూడా ఆపించారు. అంత నిశ్శబ్దంలో నాకు మాత్రం ఏమీ వినపడలేదు.

సాయంత్రపు నమాజు అయ్యాక ఆమెను మళ్లీ తెచ్చారు. కుడి చెయ్యి మెట్ల మీద పెట్టారు. ఇంతవరకు నేను ముల్లును చూసేవాణ్ణి. ఇప్పుడు మల్లేశం మొహం చూశాను. ఆమె ఆగిన చోటు దాటారు. మల్లేశం నోరు కొంచెం తెరుచుకుంది. పాట చిన్నదే. అయిపోయాక ఆవిడ చేతిని వెలుగులో పెట్టి చూసుకోలేదు. మళ్లీ మొదటి నుంచి వాయించారు.

తిరుగు దారి

అబూ సాలిం ఇద్దరికీ రెండు డబ్బాల ఖర్జూరం ఇచ్చారు, ఒకే సైజువి. మస్కట్ వైపు వస్తుంటే ఇస్త్రీ బల్ల కాళ్లు తాడు వదులై టపటపలాడాయి. మల్లేశం రెండుసార్లు దిగి బిగించాడు. మూడోసారి నేను దిగాను. ఎలా బిగించాలో తెలియక చేతికి గీరుకుంది.

"సార్, మీ ఇంట్ల పియానో ఉందంటిరి. మరి గా చివరి మెట్లు ఎవలు సరిజేస్తరు?"

ఎదురుగా లారీ వస్తోంది. అది దాటేదాకా ఆగాను. దాటాక కూడా జవాబు చెప్పలేదు. కరక్ చాయ్ దగ్గర ఆపితే ఈసారి హారన్ నేను కొట్టాను.

ఇది చదివాక నన్ను పిలవడం మానేయాలనుకునేవారు మానేయవచ్చు. పిలిచేవారికి ఒక మాట. నాతో పాటు చెవి బాగున్న ఒక మనిషి వస్తాడు, అతనికీ నాతో పాటే వడ్డించాలి. లాప్‌టాప్ తెస్తాను, బొట్టు పెట్టవద్దు.

మల్లేశం అడిగిందానికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. మా ఇంటి పియానోను పదకొండేళ్ల కిందట, స్టూలుతో సహా, రాజమండ్రిలో ఒక కల్యాణమంటపం వాళ్లకు నేనే అమ్మాను.